కంప్రెసర్ ఎందుకు పోతుంది?

జులై నెల. డాలస్ శివార్లలో ఒక ఇల్లు. సాయంత్రం నాలుగింటికి థర్మోస్టాట్ 76 చూపవలసినది 84 చూపుతోంది. పైకప్పు జాలీల్లోంచి గాలి వస్తోంది కాని అది చల్లగాలి కాదు. పెరట్లోని పెట్టె మీద ఫ్యాను తిరుగుతూనే ఉంది; దాని అడుగునుంచి రోజూ వినవచ్చే బరువైన గుర్రు మాత్రం లేదు. మర్నాటికి గాని దొరకని మెకానిక్ వచ్చి, పావుగంట చూసి, కంప్రెసర్ పోయిందని తేలుస్తాడు. ఆ వెంటనే వేల డాలర్ల అంచనా ఒకటీ, ఇంత పాత యూనిట్‌కు కంప్రెసర్ మార్చడంకంటే మొత్తం కొత్తది పెట్టించుకోవడమే మేలన్న సలహా ఒకటీ వస్తాయి. ఇంట్లో పసిపిల్లలో, ఇండియానుంచి వచ్చిన పెద్దవాళ్ళో ఉంటే ఆ సలహాను తూచి చూసే వ్యవధి కూడా ఉండదు.

కంప్రెసర్ పోయిందన్న మాట అబద్ధం కాకపోవచ్చు. కాని చాలాసార్లు అది సగం మాటే. నిజంగా పాడైన కంప్రెసర్లలో వయసు మీరి తమంతట తాము ఆగిపోయేవి తక్కువ. అదే వ్యవస్థలోని మరో లోపం నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ళ తరబడి, వాటిని చంపుతూ వస్తుంది. ఆ లోపాన్ని అలాగే వదిలి కొత్త కంప్రెసర్ బిగిస్తే రెండవదీ అదే దారి పడుతుంది. ఇక పోయాయని తేల్చినవాటిలో కొన్ని అసలు పోయినవే కావు. వారంటీ కింద తిరిగి వచ్చిన కంప్రెసర్లను కోసి చూసే తయారీదారుల ఇంజనీర్లకు, లోపల ఏ దోషమూ కనబడని కంప్రెసర్లు తగులుతూ ఉండటం పాత అనుభవమే.

ఎండలు తీవ్రంగా ఉండే చోట ఇది డబ్బు సంగతి మాత్రమే కాదు. 2023లో ఫీనిక్స్ నగరంలో జూన్ 30 నుంచి వరసగా 31 రోజులపాటు పగటి ఉష్ణోగ్రత 110 డిగ్రీల ఫారెన్‌హైట్‌కు, అంటే సుమారు 43 సెల్సియస్‌కు, తగ్గలేదు. ఆ నగరమున్న మారికోపా కౌంటీ ఆ ఏడాది వేడికి సంబంధించినవిగా లెక్కించిన మరణాలు 645. వాటిలో ఇళ్ళ లోపల జరిగిన మరణాలలో ఎక్కువ భాగం ఏసీ లేని ఇళ్ళలో కాదు, ఏసీ ఉండీ అది పనిచేయని ఇళ్ళలో.

వేడిని తోడే ఏతం

ద్రవం ఆవిరయ్యేటప్పుడు చుట్టూ ఉన్న వేడిని లాక్కుంటుందని తెలియడానికి తెలుగువాళ్ళకు పాఠ్యపుస్తకం అక్కర్లేదు. మట్టికుండ, తడిపి కిటికీకి కట్టిన వట్టివేళ్ళ తడిక చేసేవి ఆ పనే. ఏసీ చేసేదీ అదే. కాకపోతే కుండ చెమ్మ గాలిలో కలిసిపోతుంది. ఏసీలోని ద్రవాన్ని అలా పోనివ్వకుండా, ఆవిరైనదాన్ని పట్టి తిరిగి ద్రవంగా మార్చి, మళ్ళీ మళ్ళీ వాడుకోవాలి. కంప్రెసర్ అవసరం అక్కడ వస్తుంది.

ద్రవం ఎంత వేడి దగ్గర మరుగుతుందన్నది దాని మీద ఉన్న పీడనం నిర్ణయిస్తుంది. ప్రెషర్ కుక్కర్‌లో నీరు 100 డిగ్రీల సెల్సియస్ దాటాకగాని మరగదు. కొండ మీద అంతకు ముందే మరుగుతుంది. అమెరికా ఇళ్ళలో ఇటీవలిదాకా ఎక్కువగా వాడుతూ వచ్చిన ఆర్-410ఏ అనే రెఫ్రిజరెంట్‌నే తీసుకుంటే, గేజి మీద చదరపు అంగుళానికి 118 పౌండ్ల పీడనం దగ్గర అది 40 డిగ్రీల ఫారెన్‌హైట్‌కే మరుగుతుంది. ఇంటి లోపలి కాయిల్‌లో జరిగేది ఇది. 76 డిగ్రీల గది గాలి ఆ కాయిల్ మీదుగా పోతూ తన వేడిని అందులోని ద్రవానికి ఇస్తుంది, ద్రవం ఆవిరవుతుంది. ఈ ఆవిరి మోస్తున్న వేడిని బయట పారబోయాలి. కాని బయట 95 డిగ్రీల ఎండ. 40 డిగ్రీల ఆవిరినుంచి 95 డిగ్రీల గాలిలోకి వేడి తనంతట తాను పోదు.

కంప్రెసర్ ఆ ఆవిరిని సుమారు 418 పౌండ్ల పీడనానికి నొక్కుతుంది. కారు టైరులో ఉండేదానికి ఇది పన్నెండు రెట్లు. ఆ పీడనం దగ్గర అదే పదార్థం 120 డిగ్రీలకు ద్రవంగా మారుతుంది. ఇప్పుడు 95 డిగ్రీల బయటి గాలి దానికంటే చల్లనిది, వేడి బయటకు పోతుంది. మళ్ళీ ద్రవమైన రెఫ్రిజరెంట్ సన్నని వాల్వు గుండా లోపలి కాయిల్‌కు చేరేటప్పుడు పీడనం కోల్పోయి చల్లబడుతుంది, చక్రం తిరిగి మొదలవుతుంది.

అంటే కంప్రెసర్ చల్లదనాన్ని తయారుచేయదు. అది ఏతం వంటిది. ఏతం నీటిని పుట్టించదు; కింద ఉన్నదాన్ని పైకి తెచ్చి కాలువలో పోస్తుంది. కంప్రెసర్ తక్కువ ఉష్ణోగ్రత దగ్గర ఉన్న వేడిని ఎక్కువ ఉష్ణోగ్రత దగ్గరికి ఎత్తి బయట పోస్తుంది. బయట ఎండ పెరిగితే నుయ్యి లోతైనట్టు. బయటి కాయిల్‌కు దుమ్ము పట్టినా నుయ్యి లోతైనట్టే. లోపల ఫిల్టర్ మూసుకుపోయినా అంతే. కంప్రెసర్ చావుల్లో చాలా వాటికి మూలం ఈ లోతే.

ఏసీ శక్తిని టన్నుల్లో చెప్పడం వెనక ఒక చిన్న చరిత్ర ఉంది. యంత్రాలు రాకముందు చల్లదనమంటే మంచుగడ్డే. బోస్టన్ వ్యాపారి ఫ్రెడరిక్ ట్యూడర్ అక్కడి చెరువుల మంచును ఓడల్లో ఇండియాకు పంపేవాడు. దాన్ని నిలవచేయడానికి 1842లో మద్రాసు సముద్రతీరాన కట్టిన భవనం ఐస్‌హౌస్ పేరుతో ఇప్పటికీ ఉంది. యంత్రాలు వచ్చాక వాటి శక్తిని మంచుతోనే పోల్చారు. 2000 పౌండ్ల మంచు 24 గంటల్లో కరుగుతూ ఎంత వేడి పీల్చుకుంటుందో అది ఒక టన్ను: గంటకు 12,000 బీటీయూలు, మూడున్నర కిలోవాట్లు. మూడు టన్నుల ఏసీ గంటసేపు నడిస్తే దాదాపు 3 యూనిట్ల కరెంటుతో పదిన్నర యూనిట్ల వేడిని ఇంట్లోనుంచి తోడేస్తుంది.

మూతలేని డబ్బా

బయటి పెట్టెను విప్పితే మధ్యలో నల్లరంగు వేసిన ఉక్కు డబ్బా కనిపిస్తుంది. దానికి మూత లేదు, చుట్టూ వెల్డింగ్ చేసి ఉంటుంది. రెండు రాగి గొట్టాలు, కరెంటుకు మూడు పిన్నులు తప్ప లోపలికి దారి లేదు. కారు ఏసీలో కంప్రెసర్‌ను ఇంజను బెల్టు బయటనుంచి తిప్పుతుంది. ఇంటి ఏసీలో తిప్పే మోటారు కూడా ఆ డబ్బాలోనే, రెఫ్రిజరెంట్ ఆవిరిలో, నూనె తుంపరల్లో మునిగి ఉంటుంది. షాఫ్టు బయటకు రానవసరం లేదు కనుక కారడానికి సందు లేదు. కాని లోపల ఏది పాడైనా విప్పి బాగుచేసే వీలూ లేదు.

నొక్కే పని పాత యంత్రాల్లో పిస్టన్లు చేసేవి. ఇప్పటి అమెరికా సెంట్రల్ ఏసీల్లో ఎక్కువగా ఉండేవి స్క్రోల్ కంప్రెసర్లు. వాటి రూపం తెలియాలంటే దోమల చుట్టల పెట్టె తెరిచి చూడటం చాలు. ఒకదానిలో ఒకటి ఇమిడి వచ్చే ఆ రెండు చుట్టల మాదిరిగానే ఇందులో రెండు లోహపు చుట్టలుంటాయి. ఒకటి కదలదు. రెండవది తన చుట్టూ తాను తిరగకుండా, మొదటిదాన్ని ఒరుసుకుంటూ చిన్న వలయంలో ఊగుతుంది. వాటి మధ్య నెలవంక ఆకారపు ఖాళీల్లో చిక్కుకున్న ఆవిరి అంచులనుంచి నడిమికి నెట్టబడుతూ, ఖాళీలు చిన్నవవుతున్నకొద్దీ ఒత్తుకుపోయి, మధ్యనున్న రంధ్రంలోంచి బయటపడుతుంది. లెయాన్ క్రూ అనే ఫ్రెంచి ఇంజనీరు దీనికి అమెరికాలో పేటెంట్ పొందింది 1905లో. ఆ చుట్టలను తగినంత నునుపుగా, తగినంత చవకగా చెక్కగల యంత్రాలు రావడానికి మరో ఎనభై ఏళ్ళు పట్టింది.

డబ్బాలోని మోటారుకు ఫ్యాను లేదు. దాన్ని చల్లబరచేది లోపలి కాయిల్‌నుంచి తిరిగి వచ్చే చల్లటి ఆవిరే. అలాగే డబ్బా అడుగునున్న నూనెలో కొంత ఎప్పుడూ ఆవిరితోపాటు బయటికి పోతూ, గొట్టాలన్నీ తిరిగి వెనక్కి వస్తూ ఉంటుంది. ఈ రెండు సంగతులూ గుర్తుంటే మిగతా కథ సగం తెలిసినట్టే. ఆవిరి రావలసినంత రాకపోతే మోటారు కాలుతుంది. ఆవిరి రావలసిన చోట ద్రవం వస్తే నూనె కొట్టుకుపోతుంది.

చంపేవి

మొదటిది లీకు. ఇండియాలోనూ ఇక్కడా కూడా ఏసీ చల్లబరచకపోతే గ్యాస్ అయిపోయిందంటారు, గ్యాస్ పట్టిస్తారు, మరుసటి వేసవికి మళ్ళీ పట్టిస్తారు. వంటగ్యాస్ లాగా, పెట్రోలు లాగా రెఫ్రిజరెంట్ ఖర్చయ్యేది కాదు. అది మూసిన వలయంలో తిరిగేది. తగ్గిందంటే కారిందనే అర్థం. ప్రతి ఏడూ గ్యాస్ పట్టించుకునే ఇంట్లో కంప్రెసర్ ఏడాదిలో ఎన్నో నెలలు చాలీచాలని ఆవిరితో, అంటే చాలీచాలని చల్లదనంతో నడుస్తోందన్నమాట. కంప్రెసర్‌నుంచి వెలువడే గొట్టం వేడి 225 డిగ్రీల ఫారెన్‌హైట్ దాటితే లోపలి నూనె చెడటం మొదలైందని మెకానిక్కులు లెక్కవేస్తారు.

లీకుల్లో ఒక విచిత్రమైన రకం ఉంది. ఇంటి లోపలి కాయిల్ గొట్టాలు పలుచటి రాగివి. కొన్ని క్లీనర్లనుంచి, జిగుళ్ళనుంచి, కలపనుంచి వెలువడే ఫార్మిక్, అసిటిక్ ఆమ్లాల ఆవిర్లు చెమ్మతో కలిసి రాగిలోకి కంటికి కనబడని సొరంగాలు తొలుస్తాయి. సూక్ష్మదర్శినిలో చూస్తే అవి అచ్చం చీమల పుట్టలా కొమ్మలు కొమ్మలుగా ఉంటాయి, అందుకే దానికి చీమలపుట్ట తుప్పు అని పేరు. ఫార్మిక్ ఆమ్లానికి ఆ పేరు వచ్చిందీ చీమల లాటిన్ నామంనుంచే. ఇక నిజం చీమలు చేసే హాని వేరే ఉంది: టెక్సస్‌లో, దక్షిణాది రాష్ట్రాల్లో అవి బయటి పెట్టెలోని కాంటాక్టర్ స్విచ్చిలో దూరి, అక్కడే చచ్చి, ఆ కళేబరాలతో స్విచ్చి కలవకుండా చేస్తాయి. అప్పుడు కంప్రెసర్‌కు కరెంటే చేరదు.

రెండవది ద్రవం వెనక్కి రావడం. దీని మొదటి కారణం పాతిక డాలర్లకు మించని గాలి ఫిల్టర్. అది దుమ్ముతో మూసుకుపోయి లోపలి కాయిల్ మీదికి గాలి చాలకపోతే, అక్కడ ఆవిరి కావలసిన ద్రవం పూర్తిగా ఆవిరి కాదు. కాయిల్ మీద మంచు కడుతుంది, గాలి ఇంకా తగ్గుతుంది. ఆవిరి కాని ద్రవం కంప్రెసర్‌లోకి వచ్చి నూనెలో కరిగి, సబ్బు లాగా దాన్ని బేరింగుల మీదనుంచి కడిగేస్తుంది. పిస్టన్ యంత్రంలో అయితే నొక్కుడుపడని ద్రవం వాల్వులనే విరిచేసేది. స్క్రోల్ చుట్టలు కాస్త పక్కకు తప్పుకుని దాన్ని పోనివ్వగలవు. కాని నూనె లేని బేరింగును ఏ డిజైనూ కాపాడలేదు. ఇటువంటి చావు ఒక్కరోజులో రాదు. రెండు మూడు వేసవుల తర్వాత ఒక మధ్యాహ్నం షాఫ్టు బిగుసుకుంటుంది. అప్పటికి ఫిల్టర్ ఎన్నోసార్లు మార్చి ఉంటారు కాబట్టి, కారణం ఎవరికీ తట్టదు.

మూడవది బయటి కాయిల్ మురికి. కోసిన గడ్డి పరకలు, చెట్ల దూది, బట్టల డ్రయ్యర్ గొట్టం పక్కనే ఉంటే దాని పీచు, అన్నీ ఆ సన్నటి రేకుల మధ్య పేరుకుంటాయి. వేడి పోయే దారి లేక పీడనం పెరుగుతుంది. పైన చెప్పిన 118, 418 పౌండ్ల లెక్కకు వాతావరణ పీడనం కలిపితే కంప్రెసర్ ఆవిరిని నొక్కే నిష్పత్తి 3.3కు కొంచెం తక్కువ. కాయిల్ మురికితో బయటి పక్క 140 డిగ్రీలకు చేరి, లోపల గాలి చాలక ఆ పక్క 30కి దిగితే అదే నిష్పత్తి ఐదుకు చేరువవుతుంది. అదే యంత్రం, అదే ఇల్లు, నుయ్యి మాత్రం సగం మళ్ళీ లోతైంది. తోట గొట్టంతో మెల్లగా కడిగితే చాలు. ప్రెషర్ వాషర్ పెడితే రేకులు వంగి మొదటికే మోసం వస్తుంది.

నాలుగవది కరెంటు. అమెరికా ఇంటికి వచ్చేది సింగిల్ ఫేజ్. ఆ మోటారు తిరగడానికి, బలంగా నడవడానికి కెపాసిటర్ తోడు కావాలి. ఎండలో ఉడికే పెట్టెలో ఏళ్ళ తరబడి ఉండి కెపాసిటర్ శక్తి కొద్దికొద్దిగా తగ్గుతుంది. ఒక రోజు కంప్రెసర్ తిరగలేక, మామూలుకు ఐదారు రెట్ల కరెంటు లాగుతూ, హుమ్మని కొద్ది క్షణాలు మూలిగి ఆగుతుంది.

ఆంధ్ర, తెలంగాణల్లో ఈ కరెంటు కథకు వేరే రూపం ఉంది. మోటారు తిప్పే బలం వోల్టేజీ వర్గానికి అనుపాతంలో ఉంటుంది కనుక, 230 ఉండవలసినది 180కి పడితే బలం దాదాపు 40 శాతం పోతుంది. అందుకే అక్కడ ఏసీ పక్కన గోడమీద స్టెబిలైజర్. కరెంటు పోయి వచ్చాక అది సుమారు మూడు నిమిషాలు ఆగి గాని ఏసీకి కరెంటు ఇవ్వకపోవడం చాలామందికి విసుగు. ఆ మూడు నిమిషాల్లో రెండు పక్కల పీడనాలూ సమమవుతాయి. లేకపోతే మోటారు 400 పౌండ్ల ఒత్తిడికి ఎదురుగా మొదలవాలి. ఇన్వర్టర్ ఏసీలు వచ్చాక కంప్రెసర్ మెల్లగా మొదలై అవసరమైన వేగంతో తిరుగుతోంది, ఈ బాధ తగ్గింది. బదులుగా ఇప్పుడు కంప్రెసర్ బతికి, దాన్ని నడిపే ఎలక్ట్రానిక్ బోర్డు పోతోంది.

ఐదవది యజమాని కోరిక. ఇంటికి మూడు టన్నులు చాలన్నప్పుడు, ఎందుకైనా మంచిదని ఐదు టన్నులు పెట్టిస్తారు. పెద్ద యంత్రం ఐదారు నిమిషాల్లో గదిని చల్లబరచి ఆగుతుంది, మళ్ళీ మొదలవుతుంది. కంప్రెసర్ అరుగుదల ఎక్కువగా జరిగేది మొదలయ్యే క్షణాల్లో. బయటికి పోయిన నూనె తిరిగి రావడానికి కావలసినంత సేపు అది నడవదు. గాలిలోని తేమ కూడా పోదు, ఇల్లు చల్లగా ఉండీ ముద్దగా ఉంటుంది. ఎండాకాలపు మధ్యాహ్నం ఆగకుండా నడిచే ఏసీని చూసి కంగారుపడేవాళ్ళే ఎక్కువ. నిజానికి సరిగ్గా కొలిచి పెట్టిన యంత్రం ఆ వేళ అలాగే నడవాలి.

పోయిందని తేల్చేముందు

మోటారు తీగచుట్టల మధ్య ఒక చిన్న రక్షక స్విచ్చి ఉంటుంది. వేడి మితిమీరితే అది తెరుచుకుని కరెంటు ఆపుతుంది. బయట ఉన్న మూడు పిన్నుల మధ్య మీటరు పెట్టి చూస్తే అప్పుడు తీగ తెగినట్టే కనబడుతుంది. మెకానిక్ కంప్రెసర్ చచ్చిందంటాడు. అది చావలేదు, వేడెక్కి సొమ్మసిల్లింది. మందపాటి ఉక్కు, నూనె, రాగి అన్నీ చల్లబడి ఆ స్విచ్చి తిరిగి మూసుకోవడానికి గంటలు పట్టవచ్చు. డబ్బా మీద నీళ్ళు జల్లి, లేదా మర్నాడు పొద్దున మళ్ళీ కొలిచి చూసేదాకా తీర్పు ఆపాలి.

కాబట్టి పెద్ద అంచనా చేతికి వచ్చినప్పుడు అడగవలసినవి కొన్ని ఉన్నాయి. కెపాసిటర్ కొలిస్తే ఎన్ని మైక్రోఫారడ్లు వచ్చింది, దాని మీద ఎంత రాసి ఉంది? డబ్బా చల్లబడ్డాక కొలిచారా? మూడు పిన్నుల మధ్య నిరోధాలు ఎంత? స్టార్ట్, రన్ పిన్నుల మధ్య విలువ మిగతా రెండింటి మొత్తానికి సమానంగా ఉండాలి. ఏ పిన్నునుంచైనా ఉక్కు డబ్బాకు కరెంటు దారి దొరుకుతోందా? దొరికితే మోటారు లోపల కాలిపోయింది, అప్పుడిక సందేహం లేదు. ఈ అంకెలు చెప్పగల మెకానిక్ చెప్పినదాన్ని నమ్మవచ్చు. అంకెలు లేకుండా తీర్పు మాత్రం చెప్పేవాడిని పంపించి ఇంకొకరిని పిలవడంలో తప్పులేదు.

మొత్తం మార్చాలా, కంప్రెసర్ మాత్రమే మార్చాలా అన్నది వయసునుబట్టి, గ్యాస్‌నుబట్టి ఉంటుంది. ఆర్-22తో నడిచే పాత యూనిట్‌లో కొత్త కంప్రెసర్ పెట్టడం దండగ. ఓజోన్ పొరకు చేటని ఆ గ్యాస్ తయారీ, దిగుమతులు అమెరికాలో 2020 జనవరి 1తో ఆగిపోయాయి. ఆర్-410ఏ ఓజోన్‌ను ముట్టుకోదు కాని భూతాపాన్ని కార్బన్ డయాక్సైడ్ కంటే 2000 రెట్లకు పైగా పెంచుతుంది. కనుక 2025 జనవరి 1నుంచి కొత్త ఇళ్ళ ఏసీలను దానితో తయారుచేయడం, దిగుమతి చేయడం ఆగింది. ఉన్నవాటిని నడపడానికి, మరమ్మతు చేయడానికి అడ్డులేదు. దాని స్థానంలో వచ్చిన ఆర్-32, ఆర్-454బి కొద్దిగా మండే స్వభావం ఉన్నవి. పాత వ్యవస్థలో వాటిని నింపకూడదు. ఆరేడేళ్ళ 410ఏ యూనిట్‌కు తయారీదారు వారంటీ ఇంకా ఉంటే కంప్రెసర్ ఉచితంగా రావచ్చు. కూలి, గ్యాస్ ఖర్చు సాధారణంగా యజమానిదే. కొన్న కొత్తలో యూనిట్‌ను రిజిస్టర్ చేశారా లేదా అన్నది అప్పుడు వెతుక్కోవలసి వస్తుంది.

కొత్త కంప్రెసర్ బిగించే పద్ధతిలోనే దాని ఆయుష్షు చాలావరకు తేలిపోతుంది. మోటారు కాలిపోయి ఉంటే పాత నూనెలో ఆమ్లం ఉంటుంది. గొట్టాల్లో మిగిలిన ఆ ఆమ్లం కొత్త మోటారు తీగల పూతను తినేస్తుంది కనుక కడగాలి, కొత్త ఫిల్టర్ డ్రయ్యర్ వేయాలి. రాగి గొట్టాలను మంటతో అతికేటప్పుడు లోపల నైట్రోజన్ పారుతూ ఉండకపోతే, లోపలివైపు నల్లటి పొలుసులు కట్టి, తర్వాత రాలి, సన్నని వాల్వులో ఇరుక్కుంటాయి. 410ఏతో వాడే పాలియోలెస్టర్ నూనె గాలిలోని తేమను ఆత్రంగా పీల్చుకుని దానితో కలిసి మళ్ళీ ఆమ్లమే పుట్టిస్తుంది. అందుకని గొట్టాల్లోని గాలిని, తేమను పంపుతో లాగి, ఏడు లక్షల అరవై వేల మైక్రాన్ల వాతావరణ పీడనాన్ని 500 మైక్రాన్ల కిందికి తేవాలి. అప్పుడు పంపు ఆపి, పది నిమిషాలు గేజి చూడాలి. అంకె మెల్లగా పైకి పోయి ఒకచోట నిలబడితే లోపల ఇంకా తేమ ఉంది. ఆగకుండా పోతూనే ఉంటే లీకు ఉంది.